పదకొండో నెల మెసేజ్

"ఈ మెసేజ్ రాసింది ఎవరు?"

ఆ అమ్మాయి ఫోన్‌ని అతని ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టి అడిగింది. వానలో తడిసి వచ్చింది. జుట్టులోంచి కారిన నీళ్ళు రిసెప్షన్ బల్ల మీద మడుగు కడుతున్నాయి. కస్టమర్ కేర్ వాళ్ళు భోజనానికి వెళ్ళడంతో, ఖాళీగా కనిపించిన పాపానికి అతన్ని కిందికి తోశారు.

తెర మీద ఇలా ఉంది: ‘మీ బుజ్జాయికి ఐదో నెల వచ్చేసింది! బోర్లా పడుతోందా? మెత్తటి పరుపు ఇదిగో.’

రాసింది అతనే. పసిపిల్లల సామాన్లు అమ్మే ఆ కంపెనీలో అతని ఉద్యోగమే అది. నెలకొకటి చొప్పున ఏడాది నిండేదాకా మెసేజ్‌లు రాసిపెట్టాడు. కాన్పు తేదీ ఇస్తే చాలు, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది. ఆ ‘వచ్చేసింది’ దగ్గర మేనేజర్ భుజం కూడా తట్టాడు.

"నచ్చిందాండీ?" అన్నాడు, మెచ్చుకోవడానికి వచ్చిందనుకుని.

"మా అక్క కాన్పులో పోయింది. బిడ్డ కూడా."

 అతని నోట వచ్చిన మొదటి మాట అబద్ధం. ఇవన్నీ కంప్యూటరే రాసుకుంటుందనీ, మనుషులెవరూ రాయరనీ చెప్పేశాడు.

ఆ అమ్మాయి కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఆమె అక్క కొట్టు గడప తొక్కకుండా, మంచం దిగకుండానే, ఉయ్యాల నుంచి ఊలు టోపీ దాకా ఫోన్లో చూసి పెట్టుకుంది. వెనకటికి కొట్టుకి వెళ్ళి కొనేవాళ్ళం. ఇంటి మనిషి మొహం చూడగానే కొట్టువాడు విషయం కనిపెట్టి నోరు మూసుకునేవాడు. ఇప్పుడు కొట్టు జేబులోకి వచ్చింది గానీ మనిషి పోయిన కబురు మాత్రం దానికి అందదు. అక్క ఫోన్ ఇప్పుడు వాళ్ళమ్మ దగ్గర ఉంటోంది. అందులో పెద్దకూతురి గొంతు రికార్డై ఉందని ఆవిడ ఫోన్‌నీ నంబరునీ మార్చనివ్వదు.

అతను ఆ రోజే లిస్టులోంచి నంబరు తీసేశాడు. అయినా మెసేజ్‌లు ఆగలేదు, ఆమె మళ్ళీ వచ్చింది. ఆ లిస్టునీ, అతని వాక్యాలనీ కలిపి కంపెనీ ఎప్పుడో మరో నాలుగు కంపెనీలకి ఇచ్చేసింది. అతని మాటలే వేరే పేర్లతో మళ్ళీ ఆ ఇంటికే వెళ్తున్నాయి.

"ఇంట్లో ఎవరో వీటిని తెరిచి చూస్తున్నారండీ. చూస్తున్నంతకాలం పంపుతూనే ఉంటారు," అన్నాడు.

అమ్మ వేళ్ళు వణికి తగులుతుంటాయిలే అంది ఆమె. అతనూ సరే అనుకున్నాడు. అక్కడే ఇద్దరూ పప్పులో కాలేశారు.

అతను చెప్పిన ఉపాయం సులువైనది. ఇప్పుడిది వేరే మనిషి ఫోన్ అని ఆ కంపెనీలన్నిటినీ నమ్మించాలి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అమ్మ కునుకు తీసేవేళ ఆమె ఫోన్ పట్టుకుని కిందికి వచ్చేది. వాళ్ళింటి మెట్ల కింద, స్కూటర్ల పక్కన ఇద్దరూ కూర్చుని చేపల గాలాలు వెతికేవాళ్ళు. డోళ్ళు, గుడారాలు, గొర్రెల బొచ్చు కత్తిరించే మెషిన్లు, కంటపడ్డవన్నీ చూసేవాళ్ళు.

"‘బట్టతలకి నూనె’ అని కొట్టండి," అన్నాడొకసారి.

"ఎవరికి, మీకా?"

"ఇంకా అంతదూరం రాలేదండీ."

"ఇటు తిరగండి. వచ్చింది."

అక్క పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. నవ్వేసి, నవ్వినందుకు ఏడ్చింది. బయట వాన దంచి కొడుతోంది. తను ఈ అమ్మాయిని ప్రేమిస్తున్నాడని అతనికి అప్పుడు తెలిసింది. తను అబద్ధాలకోరని కూడా అప్పుడే బాగా తెలిసింది.

‘మీరు’ కాస్తా ‘నువ్వు’గా మారేసరికి ఫోన్ నిండా గాలాలూ గుడారాలే. పిల్లల మాట పూర్తిగా ఆగిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం ఆమె ఫోన్ లేకుండా వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మ అన్నం ముట్టడం లేదు. బుజ్జాయి కబురు రావడం లేదేమని అడుగుతోంది. వేళ్ళు వణికి కాదు, కావాలనే తెరిచేదట. ఇంట్లో ఎవరమూ ఆ బిడ్డ ఊసెత్తం కదా. నెలనెలా గుర్తుపెట్టుకున్నది ఆ ఫోన్ ఒక్కటేనట."

అతనికిక దాచే ఓపిక లేకపోయింది.

"అవి కంప్యూటర్ రాయలేదు. నేనే రాశాను."

 చెంప పగులుతుందనుకున్నాడు. అదే జరిగి ఉంటే తేలిగ్గా ఉండేది.

"ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చునే?" అంది. సమాధానం కోసం ఆగకుండా అతని మణికట్టు పట్టుకుని మెట్లెక్కించింది. "ఆ మాట అమ్మకి చెప్పు."

ముందుగదిలో నాలుగు మూలలూ కొనదేలిన చెక్కబల్ల ఉంది. దాని పక్కన వాళ్ళమ్మ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అతను నిలబడే అంతా చెప్పేశాడు. ఆవిడ తిట్టలేదు.

"ఇది పదకొండో నెల. ఏం రాశావు నాయనా?"

అది అతనికి కంఠతా వచ్చు. 

"మీ బుజ్జాయి గోడ పట్టుకుని నిలబడుతోందా? అడుగులు కూడా వేసేస్తుంది. ఇంట్లో బల్లల మూలలు తగలకుండా చూసుకోండి. వాటికి తొడిగే..."

"ఆ తర్వాత ఏదో కొనమంటావు. అది వద్దు," అందావిడ. "ముందున్న మాటలే మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. తర్వాత, ఆకలిగా ఉందని కూతురితో అంది.

గుమ్మం దగ్గర ఆ అమ్మాయి అతన్ని ఆపింది. కోపం పోలేదు. కానీ మణికట్టు మళ్ళీ పట్టుకుంది.

"ఏడాది నిండాక ఏం రాశావు?"

"ఏమీ లేదు. మా దగ్గర ఏడాది వరకే."

"మరి వచ్చే నెలది కూడా చెప్పేశాక ఏమని వస్తావు?"

"నీ కోసం వచ్చానని చెప్తాను."

"అది ఇప్పుడు చెప్పకు," అంది ఆమె నెమ్మదిగా. "అప్పుడు చెప్పు. వింటాను."

లోపల నేల మీద ఏదో బరువుగా ఈడుస్తున్న చప్పుడైంది. వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళమ్మ ఒక్కతే వంగి, బల్లని గోడవారకి జరుపుతోంది.

ఇద్దరూ వెళ్ళి చెరో పక్కా పట్టుకున్నారు.