జాడపూస

టిఫిన్ సెంటర్‌లో చేతులు కడుక్కునే చోట, సబ్బు పక్కన, ఒక ఉంగరం ఉంది. నిన్న కూడా అక్కడే ఉంది. సుహాస్ దాన్ని చూశాడు, చేతులు కడుక్కున్నాడు, వచ్చి కూర్చున్నాడు.

ఎవరూ తీయరు. తీసి ఏం చేసుకుంటారు? ఉంగరంలో ఆవగింజంత జాడపూస ఉంటుంది. ఫ్యాక్టరీలో వస్తువు తయారయ్యేటప్పుడే దాని ఒంట్లో పూసను దించేస్తారు. మొదటి బిల్లు ఎవరి పేరున రాస్తే ఆ పేరు అందులో స్థిరపడిపోతుంది. వస్తువు పోతే యజమాని ‘పోయింది’ అని నమోదు చేస్తే చాలు. ఆ తర్వాత ఎవరి చేతిపలక ఫోను ఆ పూసను చదివినా, అదెక్కడుందో యజమానికి కబురు వెళ్ళిపోతుంది. పూసను పెకలిస్తే వస్తువే పాడైపోతుంది. కాకినాడలో తాళాల కొట్లు మూతపడి చాలాకాలమైంది. దొంగలు పోయారు.

మోసగాళ్ళు మాత్రం పోలేదు. పాత వస్తువులు అమ్మే ‘పాతసంత’ నిండా వాళ్ళే. ఆ సంగతి సుహాస్‌కి బాగా తెలుసు. కిందటి వేసవిలో అతను కొన్న ఫ్రిజ్‌లో పూస అసలైనదే, ఫ్రిజ్ మాత్రం డొల్ల. అప్పట్నుంచీ బావమరిది ఎక్కడ కనపడినా ఒకటే పలకరింపు. “ఏం బావా, చల్లగా ఉన్నావా?”

“మళ్ళీ చదువు,” అన్నాడు సుహాస్.

ఎదురుగా కూర్చున్న భార్య హిమజ తన చేతిపలకలోంచి పాతసంత ప్రకటన చదివింది. “పది సూదుల ఎంబ్రాయిడరీ మిషన్. బాగా పనిచేస్తుంది. మూడో సూది దారం తెంపుతుంది, వానాకాలం మరీను. చూసి తీసుకోండి. జాడపూస చదవకూడదు.”

“చివరి మాట విన్నావా? అది దొంగసొత్తు. లేదంటే డొల్ల.”

“మోసం చేసేవాడు మూడో సూది సంగతి ముందే చెప్తాడేంటండీ?”

“అదే కొత్త పద్ధతి. చిన్న తప్పు ఒప్పుకుని పెద్దది దాచడం.”

హిమజ పెసరట్టు ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగింది. “నా మిషన్ కాలిపోయి కూచుంది. ముహూర్తాలు దగ్గర పడ్డాయి. పదకొండు జాకెట్లు ఒప్పుకున్నాను. కొత్తది మీరు కొంటారా, మీ ఆఫీసు కొంటుందా?”

హిమజ అక్కడే కూర్చుని అమ్మే మనిషికి ఫోన్ చేసింది. అవతల ఆడగొంతు. పేరు ప్రణవి అంది. మిషన్ గురించి ఏదడిగినా చెప్పింది. ఊరు అడిగితే ఆగింది. ఆగి ఆగి, సామర్లకోట అంది.

సుహాస్ చేతిపలక లాక్కున్నాడు. “చూడండమ్మా, పూస చదవకుండా ఎవరైనా కొంటారా?”

“కొనరు అన్నయ్యా. అందుకే సగం ధరకి ఇస్తున్నాను. మీ ఎదురుగా కుట్టి చూపిస్తాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు. పూస ఒక్కటీ అడగొద్దు.”

మాట ముగిశాక సుహాస్ భార్య వైపు విజయగర్వంతో చూశాడు. “విన్నావుగా?”

“విన్నాను. ఆ గొంతులో దొంగతనం లేదండీ. భయం ఉంది.”

“దొంగకి ఉండేదే అది.”

మర్నాడు అతను సెలవు పెట్టాడు. సామర్లకోటలో రైలు గేటు దాటాక, బియ్యం గోడౌన్ మేడమీద ఒకే ఒక గది. కిటికీ దగ్గర మిషన్, దాని మీద సగం కుట్టిన జాకెట్, చాప, పొయ్యి. తలుపు వెనక మేకుకి చిన్నపిల్ల గౌను. ప్రణవికి ముప్ఫై ఉంటాయేమో. వచ్చినవాళ్ళ ముఖాలకన్నా ముందు వాళ్ళ వెనకాల మెట్లకేసి చూసింది.

“ఇంకెవరైనా వచ్చారాండి?”

“మేమిద్దరమేనమ్మా,” అంది హిమజ.

ప్రణవి మిషన్ ముందు కూర్చుంది. ఒక గుడ్డముక్క బిగించి, డిజైన్ ఫైలు ఏదీ పెట్టకుండానే, చేత్తో నడుపుతూ ‘హిమజ’ అని వాలుగా కుట్టింది. అక్షరాల కింద సన్నటి గొలుసుకుట్టు. హిమజ ఆ గుడ్డను వేళ్ళతో తడిమి, “ఫైలు లేకుండానా! నీ చేతులు అమ్ముతావా పిల్లా, కొనేస్తాను,” అంది. ప్రణవి మొదటిసారి నవ్వింది.

“ఎండన పడి వచ్చారు, సోడా తెస్తాను. వదినా, మీరూ రండి. చట్రాలన్నీ కింద గోడౌన్‌లో పెట్టాను, చూద్దురుగాని.”

హిమజ లేస్తూ భర్త వైపు ఒక చూపు చూసింది. ఊరుకోండి, అని దాని అర్థం.

సుహాస్ ఊరుకుందామనే అనుకున్నాడు. మెట్లమీద ఇద్దరి మాటలూ వినపడుతున్నాయి. మిషన్ పక్కభాగంలో పూస ఉండేచోట చాక్లెట్ రేకు మడిచి అంటించి ఉంది. రేకు కప్పితే పూస పలకదు. ఇంత మంచి మనిషికి ఈ రేకు దేనికి? మళ్ళీ డొల్ల తేలితే బావమరిది ముందు తలెత్తుకోగలడా? ఒక్కసారి చదివి, రేకు మళ్ళీ అంటించేస్తే ఎవరికి తెలుస్తుంది?

గోటితో రేకు లేపాడు. చేతిపలక దగ్గర పెట్టాడు.

యజమాని: నిఖిలేశ్, అనకాపల్లి. రెండేళ్ళ కిందట ‘పోయింది’ అని నమోదు.

దొరికావు, అనుకున్నాడు సుహాస్. గుండె తేలికైంది. ఫ్రిజ్ నాటి అవమానం సగం తీరినట్టనిపించింది. అంతలోనే చేతిపలక మోగింది.

“సార్! నా పేరు నిఖిలేశ్. ఇప్పుడే కబురొచ్చింది. దేవుడిలా దొరికారు సార్. సామర్లకోటా?”

“అవునండి.”

“ఆమె అక్కడే ఉందా?”

“ఉంది. సోడాకి వెళ్ళింది.”

“ఎక్కడికీ కదలనివ్వకండి సార్. నేను తునిలో ఉన్నాను, బయల్దేరాను. పాప కూడా ఉందా?”

సుహాస్ చూపు తలుపు వెనక గౌను మీదికి వెళ్ళింది.

అమ్మేది ఆడమనిషని తను చెప్పలేదు. మిషన్ పోగొట్టుకున్నవాడు, మిషన్ ఎలా ఉందని ఒక్కమాట కూడా అడగలేదు.

మాట తెంచేశాడు. కబురు వెనక్కి తీసుకునే మీట కోసం వెతికాడు. అలాంటిది లేదు. తెరమీద మాత్రం పచ్చటి అక్షరాలు మెరిశాయి. ‘ధన్యవాదాలు. మీ పేరు, చిరునామా యజమానికి అందజేశాం. వారు స్వయంగా కృతజ్ఞతలు చెప్పుకుంటారు.’

మెట్లెక్కుతూ ప్రణవి మాట్లాడుతోంది. “మా నాన్న సారెలో పెట్టాడు వదినా. బిల్లు అమ్మాయి పేరున రాయనా అని షాపతను అడిగాడు కూడా. మా నాన్న నవ్వేశాడు. అల్లుడి పేరున రాయించడం మర్యాద అన్నాడు. ఫ్యాను, బీరువా, పాప ఉయ్యాల, అన్నీ ఆయన పేరే. ఒంటిమీద దెబ్బలు తప్ప నా పేరున ఏమీ లేవు ఆ ఇంట్లో.” సోడా మూత తీసి సుహాస్‌కి అందించింది. “అందుకే పూస అడగొద్దన్నాను అన్నయ్యా. రేపు ఊరు మారిపోతున్నాం. దీన్ని మోసుకెళ్ళలేను కదా.”

సీసా చల్లగా ఉంది. అందుకోవడానికి చెయ్యి చాపాడు గానీ, ఆ చేతిలో రేకు నలిగి ఉంది. గుప్పిట విప్పాడు.

ప్రణవి రేకును చూసింది. సీసా నేలమీద పెట్టింది, ఒలకకుండా.

“ఎంత దూరంలో ఉన్నాడు?”

“తుని.”

“బయల్దేరాడా?”

“ఆ.”

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. “అడగొద్దన్నాను కదా అన్నయ్యా,” అంది, అంతే. మూలనున్న సంచీ భుజాన వేసుకుంది. అది ముందే సర్ది ఉంది.

“మా ఇంటికి పద,” అంది హిమజ.

“వద్దు,” అన్నాడు సుహాస్. “మన చిరునామా వాడి దగ్గరుంది.”

హిమజ అతని ముఖంలోకి చూసింది. పన్నెండేళ్ళ కాపురంలో అలా ఎప్పుడూ చూడలేదు. పర్సులో ఉన్నదంతా ప్రణవి సంచిలోకి తోసి, “పాప బడి ఎక్కడ?” అంటూ ఆమెతో కలిసి మెట్లు దిగింది.

సుహాస్ గదిలోనే ఉండిపోయాడు. వచ్చేవాడు ఖాళీ గది చూస్తే నేరుగా రైల్వే స్టేషన్‌కి వెళ్తాడు. మేకుకున్న గౌను తీసి మడిచి చొక్కాలోపల దాచాడు. పిల్ల పలక, చిన్న చెప్పులు, జడపిన్నులు గోడౌన్ సంచుల కింద తోశాడు. తర్వాత చాపమీద కూర్చున్నాడు.

నిఖిలేశ్ మిఠాయి పెట్టెతో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.

“మీరే కదా సార్? మీలాంటి జాగ్రత్తపరులు ఉండబట్టే మాలాంటివాళ్ళు బతుకుతున్నాం. ఎక్కడుంది?”

“ఎవరండి?”

“నా భార్య.”

“ఇక్కడ ఎవరూ లేరు. ఈ గది నేనే అద్దెకి తీసుకున్నాను. ఆ మిషన్ నేనే దొంగిలించాను.”

నిఖిలేశ్ గది నాలుగు మూలలా చూశాడు. నవ్వాడు. “ఫోన్లో ఉందన్నారు.”

“భయపడి అబద్ధం చెప్పాను.”

“దొంగ తన సొత్తు పూస తనే చదువుకుంటాడా? ఎందుకు చదివారు సార్?”

“బుద్ధి గడ్డి తిని.”

ఆ గదిలో సుహాస్ చెప్పిన నిజం అదొక్కటే.

పోలీసులకి తనే ఫోన్ చేశాడు. వాళ్ళు ఇద్దరినీ ఠాణాకి తీసుకెళ్ళారు. ఎస్సై కుర్రవాడు, ఉద్యోగంలో చేరాక దొంగను చూడలేదు. కేసు ఎలా రాయాలో తెలీక రిటైరైన హెడ్ కానిస్టేబుల్‌కి కబురంపాడు. నిఖిలేశ్ రెండుసార్లు లేచాడు. “మిషన్ నాకొద్దండి, వెళ్తాను,” అన్నాడు.

“భలేవారే! ఫిర్యాదీ మీరే కదండి,” అని ఎస్సై కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. “ఇన్నేళ్ళకి ఒక దొంగ దొరికితే మీరు వెళ్ళిపోతానంటారేంటి? కూర్చోండి, టీ తాగండి. పెద్దాయన వచ్చేస్తారు.”

రైల్వే స్టేషన్ వైపునుంచి రైలు కూత వినిపించింది. కాసేపటికి ఇంకొకటి. సుహాస్ తల వంచుకుని కూర్చున్నాడు.

పూచీకత్తు మీద ఇంటికి వచ్చాక భార్యని అడిగాడు. “ఏ బండి ఎక్కింది?”

“తెలీదు. ప్లాట్‌ఫారం మీద, ‘వదినా, కాసేపు అటు తిరగండి’ అంది. తిరిగాను. రెండు వైపులా బండ్లున్నాయి. మళ్ళీ తిరిగేసరికి తల్లీ లేదు, పిల్లా లేదు.” హిమజ గ్లాసు కడుగుతూ అంది. “మనకి తెలియకపోవడమే మంచిదని అలా అంది. మీకు చెప్పకూడదనే అనుంటుంది.”

అతను కడిగిన గ్లాసు అందుకుని బోర్లించాడు.

పాతసంత సుహాస్‌ను వెలివేసింది. అతని పేరు ఎక్కడ చదివినా ‘దొంగ’ అని వస్తుంది. ఆఫీసులో పక్కసీటు అమ్మాయి తన గొడుగు అవతలికి జరుపుకుంది. ఇవేవీ అతన్ని పెద్దగా బాధించలేదు. ఆ శిక్షకి సరిపడే నేరం తను చేయలేదు. చేసిన నేరానికి ఏ చట్టంలోనూ పేరు లేదు.

ప్రణవి కోసం వెతకలేదు. ఎక్కడ ఆ పేరు అడిగినా, అడిగినట్టు ఎక్కడో ఒకచోట జాడ మిగులుతుంది.

నిఖిలేశ్ మాత్రం వెతకడం మానలేదు. చిరునామా ఉంది కదా, నెలకోసారి వాళ్ళింటికి వచ్చేవాడు. చేతిలో మిఠాయి పెట్టె. వరండాలో కుర్చీ మీద కూర్చుని, “ఏమైనా తెలిసిందా సార్?” అని మెత్తగా అడిగేవాడు. హిమజ మంచినీళ్ళు కూడా ఇచ్చేది కాదు. సుహాస్ ఎదురుగా కూర్చుని, తెలీదనేవాడు. అతను వెళ్ళాక మిఠాయి కాలవలో పారేసి వచ్చేవాడు.

మొదట్లో అతని గొంతు వింటే ఒంటిమీద తేళ్ళు పాకినట్టుండేది. తర్వాత ఒక సంగతి అర్థమైంది. వీడు అడుగుతున్నాడంటే, వీడికింకా దొరకలేదు. ఆ తల్లీకూతుళ్ళు ఎక్కడో క్షేమంగా ఉన్నారనడానికి లోకంలో ఉన్న సాక్ష్యం వీడి రాక ఒక్కటే. ఆ తర్వాత సుహాస్ ఆ రాక కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. గేటు చప్పుడై, ఆ ఇస్త్రీ చొక్కా కనిపించగానే, “రండి, రండి” అని తనే కుర్చీ వేసేవాడు.

ఈ నెల నిఖిలేశ్ రాలేదు.

రావలసిన ఆదివారం దాటింది. తర్వాతి ఆదివారమూ దాటింది. ఏ జ్వరమో వచ్చి ఉండొచ్చు, విసుగెత్తి మానేసి ఉండొచ్చు అంది హిమజ. ఆ మాట తనే నమ్మనట్టు వెంటనే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం సుహాస్ గేటు దగ్గర నిలబడ్డాడు. వీధి మలుపులో బండి చప్పుడైన ప్రతిసారీ మెడ చాచి చూశాడు. ఎవరెవరో వస్తున్నారు, పోతున్నారు.

“లోపలికి రండి,” అని పిలిచింది హిమజ.

“వస్తాడు,” అన్నాడు సుహాస్. “ఇంకాసేపు చూద్దాం. వస్తాడు.”