యుగంధర్ పేరు నిలవని రాయి

మా ఉక్కు ప్లాంటు ఊళ్లో, మరోదా పేట వైపు సైనికుల స్మారక స్తూపం ఒకటుంది. రాత్రి పది దాటితే ఆ పక్కకి ఎవరూ పోరు. ప్లాంటులో రాత్రి పదికి బి షిఫ్టు దిగినవాళ్లు కూడా దూరమైనా సరే చుట్టు తిరిగే పోతారు.

నల్లరాయి మీద చెక్కిన పేర్లలో ఒక్కటి మాత్రం నిలవదు... యుగంధర్. రంగు వేస్తారు. నెల తిరక్కుండా దాని మీద మళ్లీ గీతలు. కార్గిల్‌లో పోయిన మన తెలుగు కుర్రాడే. వాడే వచ్చి తన పేరు తుడుచుకుంటున్నాడని జనం మాట. చీకట్లో రాతిని గీకుతున్న చప్పుడు విన్నవాళ్లూ ఉన్నారు.

ఇద్దరు కాపలావాళ్లు పని మానేశారు. మూడోవాడిగా మా హరినాథ్ బావని వేశారు. పటాలంలో పనిచేసి వచ్చినవాడు, భయముండదనుకున్నారు. యుగంధర్, బావ ఒకే రోజు పటాలంలో చేరారని, ఒకే కొండ ఎక్కారని వాళ్లకి తెలీదు. తిరిగొచ్చాక బావ ఆ స్తూపం వైపు తలెత్తి చూసింది లేదు. యుగంధర్ వాళ్ల వీధిలో అడుగు పెట్టిందీ లేదు.

తర్వాత సంగతి బావ నాకు చెప్పినట్టే చెబుతున్నాను.

నాలుగో రాత్రి కరెంటు పోయింది. దూరంగా ప్లాంటు మీద ఆకాశం ఎర్రగా ఉంది. అదే వెలుగు. అప్పుడు వినబడింది—

కర్ర్... కర్ర్...

ఆగింది... మళ్లీ.

బావ నాలుగడుగులు వేశాడు. స్తూపం అడుగున తెల్లగా ఏదో వంగి కూర్చునుంది.

"కౌన్ హై?" ఎవరని హిందీలో అడిగాడు.

గీకుడు ఆగిపోయింది.

"నానే బాబూ..."

ఆడగొంతు. సింహాచలమ్మ, యుగంధర్ తల్లి. డెబ్బై దాటిన మనిషి. చేతిలో ఇనపమేకు, వేళ్ల కొసల్లో నెత్తురు.

శవప్పెట్టె తెరవనివ్వలేదట ఆమెని. ముఖం చూడకుండా కొడుకు పోయాడంటే ఎలా నమ్మేది? బతికున్నోడి పేరు చచ్చినోళ్ల వరసలో ఉంటే ఆయుష్షు తగ్గిపోతుందని, అందుకే గీకేస్తున్నానని, ఎవరికీ చెప్పొద్దని బతిమాలింది.

ఏమీ మాట్లాడకుండా ఇంటికి దింపేసి వచ్చేయొచ్చు. బావ వల్ల కాలేదు. ఆమె పక్కనే కూలబడ్డాడు.

"పిన్నీ, నాను హరినాథ్‌ని. ఆణ్ణి కొండ మీంచి మోసింది నానే. నా భుజం మీదే పోయాడు."

సింహాచలమ్మ తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

ఇన్నేళ్లూ ఎందుకు రాలేదని అడుగుతుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు.

"ఆఖర్న ఏటన్నాడు?" గుసగుసగా అడిగింది.

"నీళ్లడిగాడు."

"పోశావా?"

"లేవు పిన్నీ... ఉన్నవి అంతకుముందే నాను తాగేశాను."

సింహాచలమ్మ లేచింది. బావ చెయ్యందించినా పట్టుకోలేదు. మేకు అక్కడే వదిలేసి, చీకట్లో ఒక్కర్తే నడుచుకుంటూ పోయింది.

ఆ తర్వాత పేరు జోలికి ఎవరూ రాలేదు. రోజూ దీపాలవేళకి ఆమె వస్తుంది. పేరు కింద చెంబుడు నీళ్లు పెట్టి, మూత వేసి వెళ్తుంది. బావతో మాటా పలుకూ లేదు. తెల్లారి చూస్తే చెంబు ఖాళీ.

కుక్కలనుకున్నాడు బావ. తాగుబోతులనుకున్నాడు. మొన్నొక రాత్రి తేల్చుకుందామని, ఆమె వెళ్లగానే మూత తీసి చూశాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి. మళ్లీ మూసి, చెంబుని ఒళ్లో పెట్టుకుని, కన్నార్పకుండా తెల్లవార్లూ కూర్చున్నాడు.

ఎవరూ రాలేదు.

వెలుగొచ్చాక మూత తీశాడు...

చెంబు అడుగు పొడిగా ఉంది.