ఆర్మండ్ కాపురం ఏ రాష్ట్రంలో

పొద్దున్నే నోరీన్ పెనం మీద బేకన్ పంది మాంసం ముక్కలు వేయిస్తోంది. కొడుకు కైల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. మొగుడు ఆర్మండ్ సగం గీసిన గడ్డంతో వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"పన్నుల శాఖ ఆవిడ ఇవాళ వస్తుంది. ఏం చెప్పాలో గుర్తుందా?"

"నా మొగుడు న్యూ హాంప్‌షైర్‌లో ఉంటాడు. ఆదివారాలు భోజనానికి వచ్చి పోతాడు."

"బడిపిల్లలా అప్పజెప్పకు. నిజం చెప్తున్నట్టు చెప్పు."

వాళ్ళుండే హేవరిల్ ఊరు మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంది. కాస్త దూరం బండి నడిపితే సరిహద్దు, దాని ఆవల న్యూ హాంప్‌షైర్. ఆవల రెక్కల కష్టంతో సంపాదించినదాని మీద రాష్ట్ర పన్ను లేదు, ఈవల ఉంది. ఆర్మండ్ ఇళ్ళ పైకప్పులు వేసే మేస్త్రీ. పనులన్నీ ఆవలివైపే. కానీ కాపురం ఈవల ఉన్నవాడు ఎక్కడ సంపాదించినా ఇక్కడ పన్ను కట్టాల్సిందే. అందుకని ఆవల స్నేహితుడి కారు షెడ్డు మీద గది అద్దెకు తీసుకుని, అదే తన ఇల్లని చూపిస్తూ వచ్చాడు. ఆ గదిలో ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు.

"అబద్ధమని తేలితే నా మెడకూ చుట్టుకుంటుందేమో," అంది నోరీన్ నెమ్మదిగా.

ఆర్మండ్ ఆమె మెడ వెనక పట్టుకుని పెనం మీదికి వంచాడు. కాగుతున్న కొవ్వు చిటపటమని ఎగిరి చెంప మీద పడింది. చర్మం చుర్రుమంది. ఆమె అరవలేదు. అరిస్తే ఇంకా వంచుతాడని తెలుసు.

"ఇప్పుడు తెలిసిందా, ఏది మెడకు చుట్టుకుంటుందో?"

కైల్ తల ఎత్తలేదు. కట్టిన లేసునే విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. చిన్నప్పుడైతే టీవీ సౌండు పెంచేవాడు. ఇప్పుడు తండ్రితోపాటు పనికి వెళ్ళే మగాడయ్యాడు. అయినా లేచి, నిచ్చెనలు సర్దాలంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు.

పన్నుల శాఖ ఆవిడ పేరు హాలోరన్. నెరిసిన జుట్టు, నెమ్మదైన గొంతు. ఆర్మండ్ ఆవిడతో మాట్లాడటానికే ఆవలినుంచి వచ్చినట్టు, ముందుగదిలో చుట్టం చూపుగా వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మీ వారు ఇక్కడికి ఎప్పుడెప్పుడు వస్తారమ్మా?"

"ఆదివారాలు."

హాలోరన్ ఆమె చెంప వంక చూసింది. "అది కొత్త గాయంలా ఉందే. ఎప్పుడు కాలింది?"

"వంటచేస్తుంటే నూనె చిందింది," అన్నాడు ఆర్మండ్.

"నేను ఆమెను అడిగాను. ఎప్పుడమ్మా?"

"ఇవాళ పొద్దున."

"చిందినప్పుడు ఈయన ఇంట్లో ఉన్నారా?"

ఆదివారం గడిచి రెండు రోజులైంది. ఆర్మండ్ ఆమె వంకే చూస్తున్నాడు. ఆ చూపుకు అర్థం నోరీన్‌కు బాగా తెలుసు. ఈవిడ గడప దాటిన మరుక్షణం ఏం జరుగుతుందో కూడా తెలుసు. నిజం చెప్పినా దెబ్బలే, అబద్ధం చెప్పినా దెబ్బలే. అలాంటప్పుడు అబద్ధం ఎందుకు మొయ్యాలి అనిపించింది.

"ఉన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లోనే ఉన్నాడు. నన్ను కొట్టిందీ ఈ ఇంట్లోనే. ఇది మా అమ్మ నాకిచ్చిన ఇల్లు. ఇవాళ్టి దాకా ఇక్కడే ఉన్నాడని రాసుకోండి. ఇకమీదట ఉండడు."

ఆర్మండ్ చలిమంట వేసుకునే గూటి పక్కనున్న ఇనుప కడ్డీ అందుకున్నాడు. మొదటి దెబ్బకే నోరీన్ భుజం ఎముక పుటుక్కుమంది. ఆమె గోడ వెంట జారి కూలబడింది. హాలోరన్ కేక వేసి, గుమ్మం దగ్గరికి పరుగెత్తి పోలీసులకు ఫోన్ చేసింది. రెండో దెబ్బకు కడ్డీ లేచేసరికి కైల్ పెరటి తలుపు తోసుకుని వచ్చిపడ్డాడు.

"నాన్నా, వదులు."

"నువ్వు పోయి నిచ్చెనలు చూసుకోరా పిరికి వెధవా."

కడ్డీ కొడుకు నుదుటిని చీల్చింది. కైల్ నెత్తురు కళ్ళలోకి కారుతున్నా తండ్రిని బల్ల మీదికి తోసి, కడ్డీ లాక్కుని మోకాలి చిప్ప మీద కొట్టాడు. ఆర్మండ్ ఊళ పెట్టి నేల మీద బోర్లా పడ్డాడు. కైల్ కడ్డీని ఈసారి తల మీదికి ఎత్తాడు.

"కైల్, చాలు," అంది నోరీన్. "వాడికి కొడుకువి అయ్యావు, అది చాలు. నువ్వూ వాడిలా అవ్వకు."

కైల్ కడ్డీ పక్కకు విసిరేసి, పోలీసులు వచ్చి సంకెళ్ళు వేసేదాకా తండ్రి వీపు మీద మోకాలు ఆనించి కూర్చున్నాడు.

ఆసుపత్రిలో నోరీన్ భుజానికి కట్టు కట్టారు, కైల్ నుదుటికి కుట్లు వేశారు.

"అమ్మా, పొద్దున నేను చూశాను."

"తెలుసు."

"ఎప్పుడూ చూస్తూనే ఉన్నాను."

"అదీ తెలుసురా. ఆ లేసు ఎన్నిసార్లు కడతావా అనుకున్నాను," అంది నోరీన్. "నీ మీద నాకు కోపముంది. నిన్ను అలాంటి ఇంట్లో పెంచినందుకు నా మీదా కోపముంది."

కైల్ మంచం అంచున తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె బాగున్న చేయి కాసేపు ఒళ్ళోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా వాడి జుట్టులోకి వెళ్ళింది.

నర్సు వచ్చి అడిగింది. "ఈ చేత్తో ఒంటరిగా ఉండకూడదు. ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

నోరీన్ కొడుకు వంక చూసింది.

"ఉంటావురా?"

కైల్ తల ఊపాడు.

"నేనూ, నా కొడుకూ," అంది నోరీన్. "ఇంకెవరూ లేరు."