షట్టర్ వెనక సహెరీ పిలుపు

లక్సెట్టిపేటల గోదారి దిక్కు పోయే సందుల హమీద్ సాబ్ రేడియో దుకాణం ఉన్నది. ఆయన పోయినంక షట్టర్ పడ్డది, మల్ల లేవలే. ఇప్పుడు తెల్లారకముందు పాలు పోసెటోళ్లు సుత గటు దిక్కు పోరు. జర దూరమైనా సరే, మార్కెట్ చుట్టు తిరిగి పోతరు.

ఎందుకంటె... తాళమేసిన దుకాణంల నుంచి హమీద్ సాబ్ గొంతు ఇనవడుతదట!

నేను ఇన్నదే చెప్తున్న. నమ్మితె నమ్ముండ్రి, లేకుంటె చాయ తాగి పోండ్రి.

రమ్జాన్ నెల వచ్చిందంటె హమీద్ సాబ్ గల్లీ గల్లీ తిరిగి జనాన్ని సహెరీకి లేపేటోడు. తెల్లారకముందే తినాలె గద, మల్ల పొద్దుగూకేదాక మంచినీళ్లు సుత ముట్టరు. ఏ ఇంట్ల ఎవలు మొద్దు నిద్ర పోతరో ఆయనకు ఎరుకే. గసొంటి మనిషి మొన్నటి పండుగ ఎల్లినంక కాలం చేసిండు.

దుకాణం వెనకనే ఇల్లు. నడుమ ఒక్కటే గోడ. ఇంట్ల ఆయన భార్య అక్బరీ బేగం, కొడుకు ఖైసర్, కోడలు కైనాత్. కైనాత్ కడుపుతోని ఉన్నది. గోడ అవుతల మామ గొంతు ఇన్న తెల్లారే బట్టలు సదురుకొని ఇచ్చోడ ఊర్ల ఉన్న పుట్టింటికి పోయింది.

"గా గొంతు ఆగేదాక రాను. నా పిల్లను గా ఇంట్లకు తేను" అని తెగేసి చెప్పింది.

ఖైసర్‌కు తిండి లేదు, నిద్ర లేదు. ఎవలకు చెప్పినా నవ్వుతరు, లేకుంటె తాయెత్తు కట్టుమంటరు. ఆఖరుకు చొప్పదండి వెంకటేశ్‌కు ఫోన్ కొట్టిండు.

పాత కంప్యూటర్లల్ల లినక్స్ ఎక్కించి, సినిమాలు చూసుకునేటట్టు టీవీలకు కలిపి ఇచ్చుడు వెంకటేశ్ పని. హమీద్ సాబ్ కంప్యూటర్ సుత ఆయన చేతిదే. ముసలాయన పోయినంక అది మూలకు పడ్డది. మొన్న ఖైసర్ కొత్త టీవీ కొని దానికి కలిపిండట. బొమ్మ సక్కగ రాదు, సౌండ్ అసలే రాదు.

"రిపేర్ పేరు మీద వచ్చి ఒక్క రాత్రి నాతోని ఉండన్నా" అని బతిమిలాడిండు.

వెంకటేశ్‌కు ధైర్యం మస్తు... పగటిపూట. అయినా పోయిండు.

అక్బరీ బేగం లోపలి అర్రల పన్నది. వీళ్లిద్దరు టీవీ ముంగట కూసున్నరు. బొమ్మ తెర కంటె పెద్దగయ్యి నాలుగు దిక్కుల బయటికి పోయింది. మనుషులకు నుదుర్లు లేవు. కింద సౌండ్ గుర్తులుండే పట్టీ కనవడ్తనే లేదు.

"గుర్తులన్ని అంచు బయట ఉన్నయ్ ఖైసర్ భాయ్. గందుకే నీకు దొరకలే" అన్నడు వెంకటేశ్ మెల్లగ.

ఖైసర్ చూపు టీవీ మీద లేదు. గోడ దిక్కే చూస్తుండు.

వెంకటేశ్ సెట్టింగ్స్ తెరిచిండు. తెర సైజు ఒకటి పెట్టి చూసిండు, కుదర్లే. ఇంకోటి పెట్టిండు. సందుల కుక్కలు మొరిగి మొరిగి ఊకున్నయ్. గప్పుడు —

గోడ అవుతల గరగర...

దగ్గు. ముసలి దగ్గు.

"లేవుండ్రి... సహెరీ టైం అయితున్నది... లేవుండ్రి..."

ఖైసర్ రెండు చెవులు మూసుకొని ముడుచుకపోయిండు. వెంకటేశ్ చెయ్యి మౌస్ మీదనే బిగుసుకపోయింది. గా గొంతు ఆయనకు ఎరుకే! ఎన్నిసార్లు చాయ తాగిపిచ్చిన గొంతు!

జరసేపు ఏం లేదు. మల్ల... మెత్తగ, గోడకు నోరు ఆనిచ్చి అన్నట్టు —

"అక్బరీ... లే."

లోపలి అర్రల మంచం కిర్రుమన్నది.

ఉరుకుదామనుకున్నడు వెంకటేశ్. చెప్పులు యాడ ఇడిసిండో యాదికి రాలే, గందుకే ఆగిండు. ఇంకో సైజు పెట్టి మీట నొక్కిండు. బొమ్మ గుంజుకొని తెరల సక్కగ కూసున్నది. కింద పట్టీ బయటపడ్డది. టీవీ సౌండ్ బందున్నట్టు దాని గుర్తు మీద అడ్డగీత. దాని పక్కన చిన్న గంట గుర్తు, ఇంకా ఊగుతున్నది.

"ఖైసర్ భాయ్... అలారం ఇది!"

సౌండ్ సెట్టింగ్స్‌ల చూసిండు. అన్నీ టీవీకే పోతున్నయ్, గీ ఒక్క అలారం మాత్రం వెనక పాత వైరుకు పోతున్నది. వైరు గోడల నుంచి దుకాణంలకు దూరింది. ఇద్దరు తాళం తీసి చూస్తె, షట్టర్ దిక్కు మొఖం పెట్టి పెద్ద స్పీకర్ డబ్బ, దాని మీద ఎర్ర లైటు.

ఖైసర్ నెత్తి పట్టుకున్నడు. "మొన్నటి రమ్జాన్‌ల అబ్బాకు ఛాతి పట్టేసింది. ఇంట్ల కూసొనే గల్లీని లేపుతనన్నడు. గిట్ల గొంతు రికార్డ్ చేసి పెట్టిండని నాకేం ఎరుక? కంప్యూటర్ నేనే మల్ల చాలు చేసి, రాత్రంత గట్లనే ఇడిసిపెడ్తున్న!"

నవ్విండు, ఏడ్చిండు, రెండూ ఒక్కసారే. "తీసెయ్యన్నా. పొద్దుగాల పోయి కైనాత్‌ను తోలుకొస్త" అన్నడు.

ఇంట్లకు మళ్లొచ్చి, వెంకటేశ్ తీసేముందు టీవీ సౌండ్ అడ్డగీత తీసి గా గొంతును టీవీల ఒక్కపారి పెట్టిండు. దగ్గు. లేవుండ్రి... సహెరీ టైం అయితున్నది... లేవుండ్రి. అయిపోయింది.

మల్ల పెట్టిండు. గంతే ఉన్నది. అక్బరీ పేరు లేదు.

ఖైసర్‌కు చెప్పుదామని నోరు తెరిచిండు. దర్వాజల అక్బరీ బేగం నిలవడ్డది.

"చాచీ... ఇది తీసేస్తున్న" అన్నడు తప్పు చేసినోని లెక్క.

ఆమె దగ్గరికి వచ్చి చెవుల అడిగింది. "బేటా... నా పేరు నువ్వు సుత ఇన్నవా?"

వెంకటేశ్ సుత చెవులనే అన్నడు. "ఇన్న."

ఆమె నెత్తి మీద కొంగు సదురుకున్నది. మొఖం ఎంత నిమ్మలమైందో! "అయితె తీసెయ్. నా కోడలు రావాలె, పిల్ల గీ ఇంట్ల ఆడాలె. డబ్బల ఉన్నది గల్లీ కోసం. నాది అండ్ల లేదు."

లోపలికి పోయి పన్నది.

వెంకటేశ్ అలారం తీసేసిండు. కంప్యూటర్ బందు చేసిండు. అయినా మనసు నిమ్మలం గాక వైరు సుత పీకిండు. ఖైసర్ కూసున్న తావులనే నిద్రపోయిండు, ఎన్ని రాత్రుల నిద్రో పాపం. బయట ఇంకా చీకటే.

గప్పుడు లోపలి అర్రల నుంచి... కొత్త పెండ్లికూతురు లెక్క సిగ్గుపడుకుంట, అక్బరీ బేగం గొంతు —

"హౌ జీ... లేస్తున్న."

పీకిన వైరు ఇంకా వెంకటేశ్ చేతులనే ఉన్నది.