ఒక్క తోపుకే ఏడు ఎముకలు

చంపింది మీరే. శవం మీద గోనెపట్టా కప్పిందీ మీరే. ఇంకొకడి మెడ పట్టుకుని "వీడే హంతకుడు" అని పోలీసులకు అప్పగించిందీ మీరే. సిగ్గు లేదు మీకు. ఎలా దొరికిపోయారో చదవండి.

ఉదయం ఆరున్నర. సిమెంటు గోదాము.

లారీకీ ప్లాట్‌ఫారానికీ మధ్య ఓ హమాలీ వెల్లకిలా పడి ఉన్నాడు, ఒంటి మీద గోనెపట్టా. నోట్లోంచి నురగ రక్తం. వయసు ముప్పై నాలుగు.

ఎస్సై జీపు దిగేసరికి లారీ డ్రైవర్లు ఒకణ్ణి స్తంభానికి కట్టి చెంపలు పగలగొడుతున్నారు. అతను చచ్చినవాడి బావమరిది. అక్కడే మూటలు మోస్తాడు.

"విప్పండి!" ఎస్సై అరిచింది.

"వీడే మేడం," మేస్త్రీ ముందుకొచ్చాడు. "సొంత అక్క మొగుణ్ణే గడ్డపారతో చావబాదాడు."

"నువ్వు చూశావా?"

"చప్పుడు విన్నాను."

"గడ్డపార ఏదీ?"

"ఎక్కడో పారేసుంటాడు."

బావమరిది పెదవి చిట్లి రక్తం కారుతోంది. "ఒక్కసారే తోశాను మేడం. ఒట్టు. ఒక్క తోపే."

"ఎందుకు తోశావ్?"

అతను మేస్త్రీ వంక చూశాడు. తల దించుకున్నాడు.

మిగతా హమాలీలు వరసగా నిలబడ్డారు. పదకొండు మంది. గుండ్రటి ముఖాలు, ఉబ్బిన బుగ్గలు, బాన పొట్టలు, పుల్లల్లాంటి కాళ్లు. కానిస్టేబులు కిసుక్కున నవ్వాడు.

"ఏంట్రా, అందరూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నారు?"

"మా యజమాని పెట్టే తిండి అలాంటిది సార్," అన్నాడు మేస్త్రీ. "ఆ బుగ్గలు చూడండి!"

ఎస్సైకి కూడా నవ్వొచ్చింది.

మధ్యాహ్నం పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "ఏడు పక్కటెముకలు విరిగాయి. ఒకటి ఊపిరితిత్తిలో దిగింది. తుంటి రెండు ముక్కలు. ఒళ్లంతా కమిలిన మచ్చలు. ఇనుప వస్తువే."

"నడుమెత్తు ప్లాట్‌ఫారం మీంచి పడితే?"

"ఎనభై ఏళ్ల ముసలమ్మయితే సరే. బస్తాలు మోసే మోటు మనిషికా?"

కేసు బిగుసుకుంది. బావమరిది మెడకు ఉరి కూడా.

అతని అక్క స్టేషను మెట్ల మీద కూర్చుంది. మొగుడు మార్చురీలో. తమ్ముడు లాకప్‌లో. "ఎటు తిరిగి ఏడవమంటారు మేడం?"

"నీ మొగుడికి జబ్బేమైనా ఉందా?"

"జబ్బా! రెండేళ్లలో ముఖం పున్నమి చంద్రుడిలా నిండింది. కానీ పొద్దున మంచం మీంచి లేవలేడు. గోదాముకెళ్తే మాత్రం పులి. ఇంకోటి మేడం... నాకన్నా నాలుగు వేళ్లు పొడుగుండేవాడు. ఈ మధ్య నా సమానమైపోయాడు."

ఎస్సై ఆ మాట డైరీలో రాసుకుంది.

లాకప్‌లోంచి కేక. పరుగెత్తింది. బావమరిది గోడ పక్కన డొక్క పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. కానిస్టేబులు చేతులు జోడించాడు.

"నిజం చెప్పరా అని తోశాను మేడం. గోడకు తగిలాడు. ఎముక పటుక్కుమంది. ఒట్టు మేడం, ఒక్కసారే తోశాను!"

"మళ్లీ అను."

"ఒక్కసారే..."

"పొద్దున్నుంచీ వాడూ అదే అంటున్నాడు కదరా! లాకప్‌లో చెయ్యి చేసుకున్నందుకు నీ మీదా రాస్తాను. ముందు అంబులెన్సు పిలు."

ఆమె నేల మీద కూర్చుని అతని ముఖంలోకి చూసింది. అదే గుండ్రటి ముఖం. "ఏం తింటున్నారయ్యా మీరు?"

అతను ఏడ్చేశాడు. "తెల్ల మాత్ర మేడం. యజమాని తెప్పిస్తాడు. లోడుకి ముందు మేస్త్రీ తలా రెండు పంచుతాడు. మింగితే నొప్పి తెలీదు. మింగకపోతే లేవలేం. ఇవాళ తక్కువొచ్చాయి. బావ నావి లాక్కున్నాడు. తోశాను. చెబితే పనిలోంచి పీకేస్తాడని..."

సాయంత్రం నాలుగు. గోదాములో అందరూ పోగయ్యారు, ఆ అక్క కూడా. యజమాని కారు దిగాడు. డాక్టరు తలవంచుకుని నిలబడ్డాడు.

"మధ్యాహ్నం పొరబడ్డాను," అన్నాడతను. "మళ్లీ కోసి చూశాను. ఎముక బెండులా ఉంది. వెన్నుపూసలు ఎప్పుడో కుంగిపోయాయి. ఆ మాత్ర స్టెరాయిడ్. ముఖం, పొట్ట ఉబ్బిపోయి కాళ్లు పుల్లలవడం దాని గుర్తు. డాక్టరు చూసుకుంటూ ఇస్తే ప్రాణం నిలబెట్టే మందే. ఏళ్ల తరబడి ఇలా పంచితే విషం. ఎముకలో కూల్చే కణాలుంటాయి, కట్టే కణాలుంటాయి. కూలిందల్లా మళ్లీ కట్టుకుంటేనే ఎముక. ఈ మందు కట్టేవాటిని చంపేస్తుంది. కూల్చేవాటికి ఆయుష్షు పోస్తుంది. పైకి గోడ, లోపల డొల్ల. ఆ మచ్చలూ దెబ్బలవి కావు. చర్మం పలచబడి బస్తా రాసుకున్నా కమిలిపోతుంది."

"కథలు!" మేస్త్రీ ఎగిరాడు. "మాత్రలేవీ? రుజువేదీ?"

"మాత్రలు పొద్దున్నే కాలవలో పారబోశావు, లారీ డ్రైవరు చూసి చెప్పాడు. రుజువు మాత్రం అప్పుడే వరసలో నిలబడింది." ఎస్సై హమాలీల వైపు చెయ్యి చాపింది. "వేరువేరు ఇళ్లవాళ్లకు ఒకే ముఖం ఎలా వచ్చింది? అది అడగాల్సింది పోయి మనం నవ్వాం. హంతకుడి పేరు మారింది మేస్త్రీ. నీదీ, మీ యజమానిదీ."

మేస్త్రీ గేటు వైపు దూకాడు. హమాలీలు చుట్టుముట్టి కింద పడేశారు. పిడికిళ్లు లేచాయి.

"కొట్టకండి!" ఎస్సై గొంతు చించుకుంది. "విరిగేవి మీ చేతులే!"

పిడికిళ్లు గాల్లోనే ఆగిపోయాయి. ఇవాళ మాత్ర అందనివాడొకడు బస్తా మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. ఒళ్లంతా చెమటలు.

డాక్టరు పరుగెత్తాడు. "ఒక్కసారిగా ఆపినా చస్తారు! మెల్లగా తగ్గించాలి. అందరినీ ఆసుపత్రికి, వెంటనే!"

"లారీ తియ్యండి," అంది ఎస్సై.

"ఆ లారీ లోడుకెళ్లాలి," గొణిగాడు యజమాని.

అప్పటిదాకా ఓ పక్కన నిలబడి విన్న ఆ అక్క మూలకెళ్లింది. పొద్దున్నుంచీ వెతికిన గడ్డపార అక్కడే బస్తాల చాటున ఉంది, నిన్నటి సిమెంటు దుమ్ముతో సహా. ఎత్తి యజమాని కాళ్ల ముందు ఒక్క పోటు పొడిచింది. గచ్చు పెళ్లలు లేచాయి. ఎస్సై ఆపలేదు.

"పదకొండు మంది. గాజు సామాను. ఇవాళ్టి లోడు ఇదే," అంది అక్క. "వంగు. నువ్వే ఎత్తు."