రాణి ఆపిన పద్యం

కొల్లాపూర్ దాటి కృష్ణ రేవుకు పోయే బాటలో రేకులు లేచిపోయిన పాత నాటకాల కొట్టం ఒకటి ఉండేది. పొద్దుగూకితే గొర్రెలు కూడా అటు మళ్లేవి కావంటారు. గొర్రెలకు నాటకాల సంగతి ఏం తెలుసో గానీ, మనుషులకు మాత్రం బాగా తెలుసు. లోపల ఓ ఆడగొంతు పద్యం ఎత్తుకుంటుంది... మూడు పాదాలు పాడుతుంది... ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ మొదటి నుంచి. అది విన్నవాడు మూడు రోజులు మంచం పట్టాల్సిందే.

అరవై నాలుగులో ఒక రాత్రి ఆ బాటన రామచంద్రయ్య ఒక్కడే నడిచాడు.

మద్రాసు సినిమాల్లో జమీందారు వేషాలకూ జడ్జి వేషాలకూ పేరుమోసిన రామచంద్రయ్యే. ఆ సాయంత్రమే ఊళ్లో సన్మానం చేసి మెడ నిండా దండలు వేశారు. అతని కళ్లు మాత్రం జనంలో ఒకే ఒక్క మనిషిని వెతికాయి. జానయ్యను. ఒకప్పుడు ఆ కొట్టంలో ఇతను రాజు, జానయ్య రాణి; రంగం దిగితే అన్నా, తమ్మీ అని పిలుచుకునేవారు. జానయ్య చీర కట్టి గొంతెత్తితే ఆడవాళ్లే కుళ్లుకునేవారట.

ఆ నాటకంలో ఒక పద్ధతి ఉండేది. అడవిలో ఒంటరిదైన రాణి మూడు పాదాలు పాడి ఆగుతుంది. నాలుగో పాదం తెర వెనక అందుకుంటూ రాజు రంగం మీదికి వస్తాడు. రాజు అందుకోనిదే రాణి రంగం దిగకూడదు.

యాభై రెండులో, సరిగ్గా ఆ ఘట్టానికి ముందు, సినిమావాళ్ల కారు కొట్టం వెనక ఆగింది. ఇప్పుడే వస్తే వేషం, రేపైతే లేదన్నారు. రామచంద్రయ్య కిరీటం తీసి పెట్టె మీద పెట్టి కారెక్కాడు. వెనక మూడో పాదం వినబడుతూనే ఉంది...

జనం నవ్వి, ఈలలేసి, లేచిపోయినా జానయ్య తెల్లారేదాకా ఆ మూడు పాదాలే పాడాడని తర్వాత ఎవరో ఉత్తరం రాశారు. పన్నెండేళ్లుగా ఆ ఉత్తరం అతన్ని నిద్రపోనివ్వలేదు. ఒక్కసారి జానయ్య కాళ్లు పట్టుకోవాలి. అందుకే వచ్చాడు.

బాట పక్కన ఛాయ్ కాచే గుర్వమ్మను అడిగితే ఆమె గొంతు తగ్గించింది.

"జానయ్య ఊరిడిసి ఎన్నేండ్లాయెనో... బతికున్నడో లేడో. గా కొట్టం దిక్కు పోకు సారూ. రాణి పాడతది."

అయినా రామచంద్రయ్య కాళ్లు అటే నడిచాయి.

గడప దాటాడో లేదో — పద్యం! అదే రాగం... అదే విరుపు... బ్యాటరీ లైటు వేశాడు.

కూలిన రంగం మీద బక్కచిక్కిన మనిషొకడు కూర్చున్నాడు. కళ్ల మీద తెల్లటి పొరలు. దెయ్యం కాదు... జానయ్యే!

"తమ్మీ... ఊరిడిసి పోయినవన్నరు గదరా..."

"ఏడికి పోత? పగలు రేవుకాడ పొదలల్ల పండుకుంట. రాత్రి ఈడికొస్త. గంతమంది నవ్వినంక మొగం సూపియ్య బుద్ధి గాలె. నువ్వెవలు?"

"నేను... రామచంద్రయ్యను."

జానయ్య చాలాసేపు చెవి ఒగ్గాడు. తల అడ్డంగా ఊపాడు.

"మా అన్న గొంతు గిట్లుండదు. నువ్వు మా అన్నవే అయితే నాలుగో పాదం అందుకో."

మూడు పాదాలు పాడి ఆగాడు.

రామచంద్రయ్య నోరు తెరిచాడు. పాదం రాలేదు. మద్రాసులో పన్నెండేళ్లుగా కెమెరా పక్క నుంచి ఎవరో డైలాగు అందిస్తుంటే చెప్పడం, మరుక్షణం మరిచిపోవడం. ఆ అలవాటే నాలుగో పాదాన్నీ మింగేసింది. నుదురు బాదుకున్నాడు. పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"యాదికొస్తలేదురా తమ్మీ..."

అప్పుడు — కూలిన తెర గుంజల వెనక నుంచి — నాలుగో పాదం వినబడింది.

ఖంగుమనే గొంతు. సిగరెట్లు తాకని, మైకు ముందు తగ్గించుకోని గొంతు. రామచంద్రయ్య గుర్తుపట్టాడు. ఆ గొంతు తనదే... కారెక్కక ముందు తనదే!

చేతిలో లైటు జారిపడి ఆరిపోయింది. చీకట్లో ఎవరో రంగం ఎక్కుతున్నారు... ఒక్కో అడుగూ...

జానయ్య తడుముకుంటూ లేచాడు. అతని గొంతులో ఎంత సంతోషమో!

"జర పక్కకు జరుగు సారూ... మా అన్నొచ్చిండు."