పళ్ళ డాక్టరు గదిలో సగం ఫొటో

"కెమెరా పోయింది," అన్నాడు చీఫ్.

కుర్చీలో కూర్చోబోయిన ఏజెంట్ ముంగిస మళ్ళీ లేచి నిలబడ్డాడు. ఆ ఆఫీసులో కెమెరాలకు కరువు లేదు. లైటర్లో ఒకటి, బెల్టు బకిల్లో ఒకటి ఉండనే ఉన్నాయి. వాటిలో ఏది పోయినా చీఫ్ మొహం ఇంతగా పాలిపోదు.

"ఫిల్మ్ లేని ఆ కొత్తదా సర్?"

"అదే. డిజిటల్. సరిహద్దు అవతల ఉన్న మనవాళ్ళ మొహాలన్నీ అందులో ఉన్నాయి. మొదటి ఫొటో మీ తమ్ముడిది."

ముంగిస తమ్ముడు శత్రుదేశపు సైనిక కార్యాలయంలోనే గుమాస్తా వేషంలో పనిచేస్తున్నాడు. ఆ మొహం వాళ్ళ చేతికి చిక్కితే రేపటికి వాడు ప్రాణాలతో ఉండడు.

"ఎవరు తీశారు?"

"మన నెగెటివ్."

డార్క్‌రూమ్ ఇన్‌ఛార్జికి ఆఫీసు పెట్టిన పేరది. జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఆ చీకటి గదిలోకి వెళ్ళి, తెల్లబడ్డాక బయటికొచ్చిన మనిషి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక చీఫ్ ఎంత?

"ఫొటోలు దాని లోపలి మెమరీలో ఉంటాయి," అన్నాడు చీఫ్. "బ్యాటరీ ఉన్నంతసేపే ఆ మెమరీ. చూడాలంటే కేబుల్‌తో కంప్యూటర్‌కి కలపాలి. ఆ కేబుల్ కూడా పట్టుకుపోయాడు. ఈ సాయంత్రం వాళ్ళ మనిషైన ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో డౌన్‌లోడ్. అక్కడినుంచి మోడెమ్‌లో అవతలికి పంపిస్తారు."

"సమాచారం ఎవరిచ్చారు?"

"వయొలిన్."

ముంగిస మొహం చిట్లించాడు. వయొలిన్ రెండు వైపులా పనిచేసే మనిషి. మెళ్ళో ముత్యాలు, పెదవి మీద నవ్వు, హ్యాండ్‌బ్యాగ్‌లో పిస్టల్. మూడూ అసలైనవో కాదో ఎవరూ తేల్చలేదు.

"ఆవిణ్ణి నమ్ముతున్నారా సర్?"

"లేదు. కానీ ఇంకో దారి లేదు. వాళ్ళ కంప్యూటర్ పోర్టు పాడుచేసి ఉంచిందట. నువ్వు మెకానిక్‌గా వెళ్ళు. ఈ స్క్రూడ్రైవర్ పిడి నొక్కితే మనవాళ్ళు లోపలికొస్తారు."

* * *

క్లినిక్‌లో లవంగనూనె వాసన. వెయిటింగ్ రూమ్‌లో బుగ్గ పట్టుకుని కూర్చున్న ఇద్దరినీ డాక్టరు అప్పుడే సాగనంపేశాడు. ఆ రోజు వాళ్ళ నొప్పికి మందు లేదు. కంప్యూటర్ ఉన్నది వెనక ఎక్స్‌రే గదిలో. తలుపు మూసుకోగానే ముంగిస పిడి నొక్కాడు. లోపలినుంచి చిన్నగా 'టిక్' అనాలి. అనలేదు. మళ్ళీ నొక్కాడు. అప్పుడు వెలిగింది బుర్రలో: ఎక్స్‌రే గది గోడలకు సీసం రేకులుంటాయి. సిగ్నల్ గడప దాటదు.

ఈ గదిని ఎంచింది వయొలినేనా? గోడకానుకుని గోళ్ళు చూసుకుంటున్న ఆవిడవైపు అనుమానంగా చూశాడు. ఆవిడ ఇతన్ని ఎరగనట్టే ఉంది. డాక్టరు ఇచ్చిన మంచినీళ్ళు మాత్రం ముట్టలేదు. డాక్టరు కూడా ఆవిడకు వీపు చూపించడం లేదు.

నెగెటివ్ వచ్చాడు. కెమెరాను ఫిల్ముకు వాడే నల్లగుడ్డ సంచీలో చుట్టి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. కేబుల్ సాక్సులోంచి తీశాడు. ముంగిస టోపీని ముందుకు లాక్కుని, తల ఎత్తకుండా పోర్టు బిగించసాగాడు. అదృష్టం, డార్క్‌రూమ్ కళ్ళకు మెకానిక్ మొహం ఆనలేదు.

"ఇంకెంతసేపు?" అన్నాడు డాక్టరు.

"ఒక్క స్క్రూ, సార్."

ఆ ఒక్క స్క్రూను ముంగిస ఎన్నిసార్లు బిగించాడో, ఎన్నిసార్లు వదులు చేశాడో. చివరికి వయొలిన్ నోరు విప్పింది.

"డాక్టర్, ఈయన నిజంగా మెకానికేనా? స్క్రూకి ఇంత మర్యాద చేసేవాణ్ణి నేనెక్కడా చూడలేదు."

డాక్టరు డ్రాయర్లోంచి పిస్టల్ తీశాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ముంగిస పళ్ళు కొరికాడు. చేతులెత్తక తప్పలేదు. డాక్టరే కేబుల్ గుచ్చి మీట నొక్కాడు.

తెర మీద ఫొటో పైనుంచి ఒక్కో గీత చొప్పున దిగడం మొదలుపెట్టింది. ముందు జుట్టు. తర్వాత పాపిట. చిన్నప్పుడు ముంగిస విసిరిన బొంగరం తగిలిన మచ్చ. తమ్ముడే! ఆ మచ్చ పడ్డ రోజు అమ్మ చేతిలో తన్నులు తిన్నాడు ముంగిస. ఇప్పుడు ఏడవాలనిపించింది. ఏడిస్తే లాభం లేదు. ఈ గదిలో అతని దగ్గర మిగిలిన ఆయుధం నోరొక్కటే.

"నెగెటివ్ గారూ," అన్నాడు, "అది పూర్తయ్యాక వీళ్ళకి మీతో ఏం పని?"

నెగెటివ్ గొంతు గుర్తుపట్టి ఉలిక్కిపడ్డాడు. "నువ్వా! నా సంగతి నీకెందుకు? వాళ్ళకి వెళ్ళేది ప్రింటే. అసలు నా దగ్గరే ఉంటుంది. మళ్ళీ కావాలంటే నా గుమ్మం తొక్కాల్సిందే."

"ఇది ఫిల్మ్ కాదండీ. ఇందులో అసలూ నకలూ ఉండవు. అటు వెళ్ళిందీ ఇదీ ఒకటే. అది వాళ్ళకి చేరాక మీరు బతికుండడం ఎవరికి అవసరం?"

నెగెటివ్ డాక్టరు వైపు తిరిగాడు. "నిజమేనా?"

డాక్టరు తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు. అది చాలింది. నెగెటివ్ ఒక్క గుంజు గుంజితే కేబుల్ ఊడొచ్చింది. తెర మీద ఫొటో కనుబొమ్మల దగ్గర ఆగిపోయింది.

"కెమెరా ఇలా ఇవ్వు," అంటూ డాక్టరు పిస్టల్ అటు తిప్పాడు.

"దగ్గరికొస్తే మూత తీసేస్తా! వెలుతురు తగిలితే అంతా నాశనం!"

డాక్టరు నవ్వాడు. "ఫిల్మే లేదు కదయ్యా. వెలుతురుకి పాడయ్యేదేముంది?"

జీవితమంతా చీకట్లో పనిచేసిన చేతులు ఆ మాట వినలేదు. కెమెరాకు ఉన్న ఒకే ఒక్క మూతను నెగెటివ్ బొటనవేలితో తెరిచాడు. అది బ్యాటరీల మూత. సెల్సు నేలమీద పడి దొర్లాయి. కెమెరా మీది ఎర్రదీపం ఆరిపోయింది.

డాక్టరు తాపీగా సెల్సు ఏరి, కెమెరా లాక్కుని, మళ్ళీ వేసి కేబుల్ గుచ్చాడు. కంప్యూటర్ కాసేపు గురగురలాడి ఒకే ముక్క చెప్పింది: కెమెరాలో ఫొటోలు లేవు.

ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ అదే ముక్క. మూడోసారి నొక్కబోతుంటే మెడకు చల్లగా ఏదో తగిలింది. వయొలిన్ పిస్టల్ అసలైనదే.

"తలుపు తీసి బయటికెళ్ళి మీ స్క్రూడ్రైవర్ నొక్కండి, మెకానిక్ గారూ," అంది.

* * *

డాక్టర్నీ నెగెటివ్‌నీ వ్యాన్ ఎక్కించాక వీధిలో ఇద్దరే మిగిలారు. ముంగిస టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

"నన్నెందుకు పట్టించారు?" కోపంగా అడిగాడు ముంగిస.

"డాక్టరు కళ్ళు నా మీదనుంచి తప్పించాలి కదా. మీ మీదకి మళ్ళించాను." ఆవిడ ముత్యాలు సర్దుకుంది. "కంప్యూటర్ నేనే ఆపేశాను. అందులో ఏమీ మిగల్లేదు. ఆ ఫొటోలో నుదురు మాత్రం చూశాను."

ముంగిస చేతిలోని టోపీ గబుక్కున నెత్తిన పెట్టుకున్నాడు.

"టోపీ తీసి చెమట తుడుచుకున్నారే, అప్పుడు మీ నుదురూ చూశాను. తమ్ముడా?"

ఆవిడ ఎవరి మనిషి? ఇవాళ మనవైపు ఉంది, రేపటి మాట ఏమిటి?

"భయపడకండి. ముక్కు చూడందే నేను ఎవర్నీ గుర్తుపట్టను," అని నవ్వుతూ మలుపు తిరిగింది.

ఆ నవ్వును నమ్మాలో వద్దో ముంగిస ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ రోజు నుంచి టోపీ కనుబొమ్మల దాకా లాక్కోకుండా గడప దాటడం మాత్రం మానేశాడు. పాపం, బట్టతల వస్తోంది కాబోలని ఆఫీసంతా జాలిపడింది.